తల్లి పాలు మానని పిల్లి కూనకు తిండి అలవాటు చేయడం: మొదటి రోజు నుంచి చివరి దాకా

"ఏడు వారాలొచ్చాయండీ. గిన్నె దగ్గర కూర్చోబెడితే వెనక్కి నడుస్తుంది, తల్లి కనబడితే చాలు పరుగెత్తి పొట్ట కింద దూరిపోతుంది. ఏం చేయమంటారు?" రాజోలు నుంచి భీమవరం దాకా తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం మరిచిపోతున్నారు. వరసగా రాసి పెడితే పక్కన పెట్టుకుని చేసుకోవచ్చని ఇది రాస్తున్నాను.

మొదటే ఒక మాట. మొండికేసే కూనకు ఆకలితో మాడ్చి తిండి నేర్పకూడదు. "రెండు పూటలు తల్లిని దాచేస్తే అదే తింటుంది" అని చాలామంది సలహా ఇస్తారు. అరకిలో తూగని కూనకు ఒంట్లో నిల్వ అంటూ ఏమీ ఉండదు, కొద్ది గంటల్లోనే నీరసించి ఒళ్లు చల్లబడిపోతుంది. దానికి నేర్పేది వాసన, ఆ తర్వాత తల్లి. మనం చేయవలసింది ఆ రెండింటినీ సరైన వేళకు గిన్నె దగ్గరికి తేవడం.

1. ముందు వయసు, బరువు చూడండి

నాలుగు వారాలు నిండని కూనకు తిండి ప్రయత్నమే వద్దు. నాలుగో వారం నుంచి మొదలుపెట్టి, ఎనిమిదో వారానికి పూర్తి తిండి మీదకి రావడం మామూలు లెక్క.

అటక మీదో, కొబ్బరి డొక్కల కుప్ప వెనకో ఈనిన పిల్లి అయితే పుట్టిన తేదీ మనకు తెలియదు. అప్పుడు నోరు చూడండి. ముందు చిన్న పళ్లు మూడు నాలుగు వారాలకు కనబడతాయి. దవడ పళ్లు అయిదారు వారాలకు వస్తాయి. దవడ పళ్లు కూడా వచ్చి గిన్నె ముట్టడం లేదంటే అది మొండికేస్తున్నట్టే. ముందు పళ్లు మాత్రమే ఉంటే దానికి ఇంకా టైమ్ ఉంది, టెన్షన్ పడకండి.

పుట్టినప్పుడు కూన సుమారు 100 గ్రాములుంటుంది. వారానికి ఇంకో 100 గ్రాముల చొప్పున పెరగాలి. మన ఊరి పిల్లుల కూనలు అంతకంటే కాస్త తక్కువే తూగొచ్చు. మొత్తం బరువు కంటే రోజూ పెరుగుతోందా లేదా అన్నది ముఖ్యం. రోజుకు 10 గ్రాములు పెరిగితే బాగున్నట్టు.

వంటింటి డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి, సున్నాకి తెచ్చి, అందులో కూనను కూర్చోబెట్టండి. రోజూ ఒకే వేళకు, తిండికి ముందు తూచి క్యాలెండర్ మీద రాయండి. ఈ ఒక్క పని మానేస్తే మిగతాదంతా గుడ్డిగా చేసినట్టే. కూన బొద్దుగా కనిపించినా అది నులిపురుగుల పొట్ట కావచ్చు. కంటికి తెలియనిది కాటాకు తెలుస్తుంది.

2. ఎందుకు తినడం లేదో కనుక్కోండి

దీనికి రెండు రోజులు కేటాయించండి. కారణం తెలియకుండా గిన్నెలు మార్చుకుంటూ పోతే కూనా విసిగిపోతుంది, మీరూ విసిగిపోతారు.

ఒంటి కూన. నేను చూసినవాటిలో ఎక్కువ ఇదే. నాలుగు కూనల్లో మూడింటిని ఎవరో పట్టుకెళ్లారు, ఒకటి మిగిలింది. తల్లి పాలన్నీ దానివే. పోటీ లేదు, చూసి నేర్చుకునే తోడు లేదు. కడుపు ఎప్పుడూ నిండే ఉంటే గిన్నె వైపు ఎందుకు చూస్తుంది?

ముక్కు. పిల్లి వాసన తెలియనిదే తినదు. ముసురు పట్టిన రోజుల్లో జలుబు చేసి ముక్కు బిగిసిన కూనకు ఎంత మంచి తిండి పెట్టినా మట్టితో సమానం. తుమ్ములు, కళ్లకు పుసి, నోరు తెరిచి ఊపిరి తీయడం ఉంటే ముందు పశువుల డాక్టరుకు చూపించండి. ఇంట్లో చేయగలిగిందల్లా ముక్కును గోరువెచ్చని తడి దూదితో తుడవడం, వేడినీళ్ల బకెట్ పెట్టిన స్నానాల గదిలో పది నిమిషాలు ఒళ్లో కూర్చోబెట్టుకోవడం. ఆ నీళ్లలో జిందా తిలిస్మాత్, అమృతాంజనం లాంటివి వేయకండి, పిల్లులకు అవి పడవు.

నోరు. చిగుళ్ల మీద, నాలుక మీద పుండ్లున్నాయేమో చూడండి. తిండి దగ్గరికి వచ్చి, నాకి, అరిచి వెనక్కి పోయే కూనకు నోరు నొప్పి ఉన్నట్టు.

పురుగులు. తల్లి పాల ద్వారా కూడా ఏలికపాములు కూనకు చేరతాయి. రెండు మూడు వారాల వయసు నుంచి, రెండు వారాలకోసారి నులిపురుగుల మందు పడాలి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి మీరు రాసుకున్న బరువు చెప్పి డాక్టరు దగ్గరే తీసుకోండి. పిల్లలకు వాడే సిరప్‌ను అంచనాగా పోయకండి.

ఇవేవీ లేవంటే, మిగిలింది అలవాటే. ఇక్కడి నుంచి ముందుకు వెళ్లొచ్చు.

3. సిద్ధం చేసుకోవలసినవి

☐ అంచు లేని సాసరు, లేదా బోర్లించిన స్టీలు మూత. లోతు గిన్నె వద్దు
☐ డిజిటల్ కాటా, రాసుకోవడానికి పెన్ను, క్యాలెండర్
☐ పిల్లి కూనల కోసమని కవరు మీద రాసి ఉన్న తిండి, తడిదైనా పొడిదైనా
☐ కూనల పాలపొడి. మెడికల్ షాపుల్లో పసిపిల్లలకు అమ్మేది కాదు, పెట్ షాపుల్లో పిల్లి కూనలకని అమ్మేది
☐ సూది లేని 2 ఎం.ఎల్. సిరంజి
☐ పాత చీర ముక్కలు నాలుగైదు
☐ ఇసుక గాని, కొబ్బరి పీచు పొట్టు గాని పోసిన అడుగు తక్కువ ట్రే

ట్రే ఎందుకంటే, తిండి మొదలైన రోజు నుంచి తల్లి నాకి శుభ్రం చేయడం తగ్గించేస్తుంది. పీచు పొట్టు మన దగ్గర కావలసినంత దొరుకుతుంది, తడి బాగా పీల్చుకుంటుంది. తడి తగిలితే గడ్డకట్టే షాపు ఇసుక మాత్రం ఈ వయసులో వద్దు, కూనలు దాన్ని నోట్లో పెట్టుకుంటాయి.

ఇక చీమలు. సాసరు కింద పెట్టిన అయిదు నిమిషాల్లో బారు కడతాయి, ఒక్కటి కూన ముక్కు మీద కుట్టిందంటే ఆ సాసరు దగ్గరికి అది మళ్లీ రాదు. వెడల్పాటి పళ్లెంలో అర అంగుళం నీళ్లు పోసి, మధ్యలో సాసరు పెట్టండి. చీమల సుద్దతో గీత గీయకండి, పొడి చల్లకండి. కూన దాని మీద నడిచి కాళ్లు నాక్కుంటుంది. చీమల మందులు పిల్లులకు విషం.

4. ఏది పెట్టాలి, ఏది కూడదు

మన ఇళ్లలో పిల్లి అంటే పాలన్నం, పెరుగన్నం, చేపల పులుసు కలిపిన అన్నం. పెద్ద పిల్లి వాటితో పాటు ఎలుకో, తొండో పట్టి లోటు తీర్చుకుంటుంది. కూన అలా తీర్చుకోలేదు. పిల్లి ఒంటికి టారిన్ అనే పదార్థం కావాలి. అది మాంసంలో, చేపలో ఉంటుంది గాని అన్నంలో ఉండదు. అది చాలకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి.

గేదె పాలు వద్దు, ఆవు పాలూ వద్దు. వాటిలోని పాల చక్కెర కూనకు అరగక విరేచనాలు పట్టుకుంటాయి. మొదట్లో నేనూ తెలియక నీళ్లు కలిపిన గేదె పాలు పట్టాను. రెండో రోజుకల్లా కూన తోక కింద అంతా తడి, కళ్లు లోపలికి పోయాయి. డాక్టరు చర్మం కిందికి సెలైన్ ఎక్కించాక గాని తేరుకోలేదు. అప్పటి నుంచి ఎవరు "కాసిని పాలేగా" అన్నా నేను ఒప్పుకోను.

ఇంట్లో చేసుకునే జావ ఇలా:

చర్మం, ఎముక లేని కోడి మాంసం 50 గ్రాములు, నీళ్లు ఒక గ్లాసు. ఉప్పు, పసుపు, ఉల్లి, అల్లం వెల్లుల్లి ఏవీ లేకుండా మెత్తగా ఉడికించండి. అదే నీళ్లతో మిక్సీలో వెన్నలా తిప్పండి. ఇందులో కూనల తిండిని కలిపి పెట్టండి. కోడి ఒక్కటే నెలల తరబడి పెడితే కాల్షియం చాలదు. రుచి కోసం, వాసన కోసం కోడి. ఒంటికి పట్టేది కూనల తిండి.

చేప విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చేప లేని ఇల్లు తక్కువ. శీలావతి, బొచ్చెల్లో కండలోపల సన్నటి ముళ్లుంటాయి, కూనకు వద్దు. పులసలో ఎన్ని ముళ్లుంటాయో తినేవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొరమీను, చందువా మేలు. ఉప్పు లేకుండా ఉడికించి, వేళ్ల మధ్య రెండుసార్లు నలిపి చూసి, వారంలో ఒకటి రెండుసార్లు చెంచాడు. పచ్చి చేప వద్దు. కొన్ని పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే పోతుంది. చేపలు కోసేచోట ఇచ్చే పేగులు, తలలు, ఎండు చేపలు, ఎండు రొయ్యలు, పులుసు, ఇవన్నీ కూనకు దూరం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడు చేస్తాయి కాబట్టి పులుసులో ముక్కను కడిగి పెట్టినా లాభం లేదు.

పచ్చి రొయ్యలు ఉడికించిన నీళ్లు మాత్రం నాలుగు చుక్కలు దాచుకోండి. వాటి పని 7వ దశలో ఉంది.

5. మొదటి మూడు రోజులు: వాసన పరిచయం

తల్లి ఒక గంట బయటికి వెళ్లి ఉన్న వేళ చూసుకోండి. కూనకు కొంచెం ఆకలి ఉండాలి, ఏడ్చేంత ఆకలి ఉండకూడదు.

జావ గోరువెచ్చగా ఉండాలి. మణికట్టు మీద చుక్క వేసుకుంటే వేడీ చల్లనా తెలియకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెడితే వాసన రాదు. పెట్టే గిన్నెను వేడినీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచితే చాలు.

చిటికెన వేలికి జావ రాసి కూన పెదవి పక్కన తాకించండి. ముక్కు మీద రాయకండి. నాకితే ఇంకోసారి. మూడోసారి వేలిని కొంచెం కిందికి దించండి, అలా దించుకుంటూ సాసరు దాకా తీసుకురండి. కూన తలను పట్టి సాసరులోకి వంచడం అస్సలు చేయకూడదు. జావ ముక్కులోకి పోతే ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. అలాంటిది జరగకపోయినా, భయపడిన కూన ఆ సాసరును శత్రువులా చూస్తుంది. వారం వెనక్కి పోయినట్టే.

రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. తినకపోతే సాసరు తీసేయండి. మన ఉక్కపోతకు జావ అరగంటలో పులుస్తుంది, మిగిలింది తల్లికి పెట్టేయండి.

వీలైతే రోజుకొకసారి తల్లికీ అదే జావ, అదే సాసరులో, కూన చూస్తుండగా పెట్టండి. కూనలు తల్లి ఏం తింటుందో చూసి, దాని మూతి వాసన చూసి నేర్చుకుంటాయి. మనం పది రోజుల్లో చేయలేనిది తల్లి ఒక్క పూటలో చేసేయడం చూశాను.

6. నాలుగో రోజు నుంచి: చిక్కదనం పెంచడం

ఒక వంతు తిండికి మూడు వంతుల నీళ్లు లేదా కలిపిన పాలపొడి. ఇది మొదటి జావ. విరేచనం గట్టిగా ఉంటే రెండు మూడు రోజులకు రెండు వంతులు, ఆ తర్వాత సమానంగా, చివరికి ఒట్టి తిండి. పొడి గుళికలైతే వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి మెదపండి.

ఒక పూటకు ఎంత? అరకిలో కూన కడుపులో ఒకసారికి పట్టేది సుమారు 20 ఎం.ఎల్., అంటే నాలుగు టీ చెంచాలు. అంతకంటే కుక్కితే కక్కేస్తుంది.

తిండితో పాటు నీళ్లు మొదలుపెట్టండి. అడుగు తక్కువ సాసరులో, తిండికి కొంచెం దూరంగా.

7. తల్లిని ఎడం చేయడం

కూన రోజు మొత్తంలో నాలుగు చెంచాలైనా తనంతట తాను నాకాకే ఇది మొదలుపెట్టండి.

మొదటి రెండు రోజులు పగలు మూడుసార్లు, గంట చొప్పున. తర్వాత రెండేసి గంటలు. వారం తిరిగేసరికి మూడు నాలుగు గంటలు. ప్రతి విరామం చివర, తల్లి రాకముందు సాసరు పెట్టండి. రాత్రి తల్లితోనే పడుకోనివ్వండి. రాత్రి పాలు అన్నిటికంటే ఆఖరున మానాలి.

తల్లిని గదిలో పెట్టి గడియ వేస్తే ఇద్దరూ అరుస్తారు. దానికి బదులు కూన ఎక్కలేని చోటు తల్లికి చూపించండి: కిటికీ గట్టు, ధాన్యం బస్తాల వరస, గోడ మీద పలక. తల్లికే పళ్లు గుచ్చుకుంటుంటాయి కాబట్టి అదే ఎక్కి కూర్చుంటుంది. కూనను చూసి బుస్సుమన్నా, కాలితో తోసినా మధ్యలోకి వెళ్లకండి. ఆ పాఠం అదే చెప్పాలి.

మన పెద్దవాళ్లు పసిపిల్లలకు పాలు మాన్పించడానికి వేపాకు ముద్ద, కాకరకాయ రసం రాసేవారు. పిల్లికి అలాంటివి రాయకండి, మిరప పొడి అసలే వద్దు. తల్లి నాక్కుంటుంది, కూన నోరు మండుతుంది, తినవలసిన నోరే పాడవుతుంది.

రోజూ ఒకసారి తల్లి పొదుగును వేళ్లతో తడిమి చూడండి. ఒకచోట గట్టిపడి, వేడిగా, ఎర్రగా ఉంటే పాలు కట్టి చీము పట్టే ప్రమాదం ఉంది, అదే రోజు డాక్టరు చూడాలి. ఒక్కసారిగా విడదీసిన తల్లుల్లో ఈ బాధ ఎక్కువ.

పది రోజులైనా కదలిక లేని గట్టి పిండాలకు ఇవి, ఇదే వరసలో:

☐ దాచిన రొయ్యల నీళ్లు నాలుగు చుక్కలు జావ మీద వేయండి
☐ సాసరు మానేసి అరచేతిలో పెట్టండి
☐ తిండి తినే ఇంకో కూనను, టీకాలు పడి ఆరోగ్యంగా ఉన్నదైతేనే, పక్కన కూర్చోబెట్టండి
☐ జావ దశను దాటేసి, గోరంత ఉడికిన కోడి పీచు ఇచ్చి చూడండి

చివరిది తేలిగ్గా తీసుకోకండి. వరదల టైములో మా అటక మీద ఒంటి కూన ఒకటి ఉండేది. ఏడు వారాలది. ఆరు రోజులు జావతో కుస్తీ పట్టాను, ఒక్క చుక్క నాకలేదు. ఏడో రోజు తల్లి నోట్లోంచి జారిన కోడి పీచును గుంజుకుని మూలకు పట్టుకెళ్లి, గుర్రుమంటూ నమిలేసింది. దానికి తిండి మీద అయిష్టం లేదు, తడి జావ మీద అయిష్టం. కొన్ని కూనలు అంతే, పాల నుంచి నేరుగా నమిలే తిండికి వస్తాయి.

సిరంజి ఆఖరి మార్గం. కూనను బోర్లా, నాలుగు కాళ్ల మీద కూర్చోబెట్టి, బుగ్గ పక్క నుంచి చుక్క చుక్కగా, మింగింది చూసి తర్వాతిది. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి ఎప్పుడూ పట్టకండి.

8. మామూలుగా వచ్చే తొందరలు

విరేచనం పల్చబడింది: ఒక దశ వెనక్కి వెళ్లి, రెండు రోజులు అక్కడే ఆగండి. ఒక రోజు దాటినా, నెత్తురు కనబడినా డాక్టరు.

మలబద్ధకం: జావలో నీళ్లు పెంచండి. ఆముదం పట్టకండి.

సాసరులోకి దిగి ఒళ్లంతా పులుముకుంటుంది: నేర్చుకుంటోందన్నమాట. తడి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. తడి ఒంటితో ఫ్యాను కింద ఉంచితే చలి పడుతుంది.

నిన్న తిన్నది, ఇవాళ మూతి తిప్పింది: జావ చల్లారిందేమో, పులిసిందేమో చూడండి. సాసరు సబ్బు వాసన వస్తోందేమో కూడా. నిమ్మ వాసన సబ్బు పిల్లులకు గిట్టదు.

లంక గ్రామాల్లో ఉన్నవాళ్లకు ఒకటి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగే రోజులకు ముందే పొడి తిండిని మూత బిగుసుకునే డబ్బాలో, కాచి చల్లార్చిన నీళ్లను సీసాల్లో అటక మీదకి చేర్చండి. వరద నీళ్లతో పాలపొడి కలపకండి. ఆ రోజుల్లో కొత్త దశలు మొదలుపెట్టకండి, కూనను తల్లి దగ్గరే ఉండనివ్వండి.

9. వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసినవి

☐ వరసగా రెండు రోజులు బరువు తగ్గింది
☐ పన్నెండు గంటలుగా పాలూ తాగలేదు, తిండీ తినలేదు
☐ మెడ మీద చర్మం పైకి లాగి వదిలితే వెంటనే వెనక్కి పోవడం లేదు
☐ చిగుళ్లు తెల్లబడ్డాయి
☐ ఒళ్లు చల్లగా, తల వాల్చేస్తోంది
☐ వాంతులు, విరేచనాలు కలిసి వస్తున్నాయి

చల్లబడిన కూనకు తిండి పెట్టకండి, అరగదు. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టి ముందు వెచ్చబరచండి. దారిలో వేలితో రెండు చుక్కల పంచదార నీళ్లు చిగుళ్లకు రాయండి. జ్వరంగా ఉందని పారాసెటమాల్ వేయకండి. మనకు పనికొచ్చే ఆ మాత్ర పిల్లిని చంపేస్తుంది, పావు ముక్కయినా సరే.

ఎలాగూ వెళ్తారు కాబట్టి టీకాల సంగతి అడగండి. మొదటిది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పడుతుంది.

10. పాలు మానాక

వరసగా అయిదు రోజులు తల్లి దగ్గర చీకకుండా, రోజుకు నాలుగు పూటలు తింటూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు మానినట్టే. అప్పుడప్పుడు నిద్రకు ముందు తల్లి పొట్టలో మూతి పెట్టుకుంటే కంగారు పడకండి, అందులో పాలుండవు.

కూనను ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఎనిమిది వారాలకు ముందు వద్దు, పది వారాలైతే ఇంకా మంచిది. అది తింటున్న తిండే వారానికి సరిపడా కట్టి ఇవ్వండి, తల్లి పడుకున్న చీర ముక్క కూడా. కొత్త ఇంట్లో తిండి మారితే మళ్లీ మొండికేస్తుంది.

తల్లి సంగతి మరిచిపోకండి. పాలిస్తుండగానే పిల్లి మళ్లీ చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఇంకో ఈత ఈనుతుంది. కాబట్టి ఈ వారాల్లో దాన్ని రాత్రుళ్లు బయటికి వదలకండి. కూన పాలు మానిన రెండు వారాలకు పొదుగు తగ్గుతుంది, ఆపరేషన్‌కు అదే అనువైన సమయం. క్యాలెండర్ మీద కూన బరువులు రాసిన చోటే ఆ తేదీ కూడా గుండ్రం చుట్టి పెట్టండి.